చుట్టే చెయ్యి లేని ఉండ

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో సబ్బు గురించి రాస్తూ, దాని అణువులు నీళ్లలో “తమంతట తామే కూడుకుంటాయి” అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. అక్కడ ఆగి వివరించవలసిందని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూశాక అర్థమయింది. దాదాపు అన్నీ ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. తిరుపతిలో ముప్పై ఏళ్లు భౌతిక రసాయన శాస్త్రం బోధించాను. అంతకు ముందు నా పరిశోధన అంతా ఈ కూడికల లెక్కల మీదే సాగింది. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. మిగిలిన ఉత్తరాలకు వచ్చే నెల జవాబు రాస్తాను.

ప్రశ్న: అమ్మా, కొర్లగుంటలో మాకు చిన్న మిఠాయి అంగడి ఉంది. నలభై ఏళ్లుగా లడ్డూలు చుడుతున్నాను. నా మనవరాలు ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రాజెక్టు అంటుంది గానీ ప్రయోగశాలకు వెళ్లదు, రోజంతా కంప్యూటర్ ముందే ఉంటుంది. అడిగితే, అణువులు వాటంతట అవే ఉండలు కడతాయి తాతయ్యా, ఎలా కడతాయో లెక్క వేస్తున్నాను అంటుంది. చుట్టే చెయ్యి లేకుండా ఉండ ఎలా అవుతుంది? దానికి లెక్క ఏమిటి? (ఒక మిఠాయి వ్యాపారి, తిరుపతి)

జవాబు: అయ్యా, ఈ ప్రశ్నను ఇంత సూటిగా నా విద్యార్థులెవరూ అడగలేదు. మీ పనితోనే మొదలుపెడతాను.

బూందీ, పాకం పళ్లెంలో ఉన్నంతసేపూ పళ్లెం నిండా పరచుకుని ఉంటాయి. మీ చెయ్యి పడితేనే ఉండ అవుతుంది. ఎంత లావు ఉండ అన్నది మీ పిడికిలి నిర్ణయిస్తుంది. మీ పక్కన చుట్టే కుర్రవాడి చెయ్యి చిన్నదైతే అతని ఉండ కూడా కాస్త చిన్నది.

ఇప్పుడు షాంపూలలో, టూత్‌పేస్టులలో వాడే సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే సబ్బులాంటి పదార్థాన్ని తీసుకుందాం. దాని అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తల విద్యుదావేశం ఉన్నది, నీళ్లంటే ఇష్టం. తోక 12 కార్బన్ పరమాణువుల గొలుసు, అచ్చం నూనెలాంటిది, నీళ్లతో దానికి పొసగదు. ఈ పదార్థాన్ని తగినంత నీళ్లలో కలిపితే అణువులు సుమారు 60 చొప్పున గుంపులు కడతాయి. ప్రతి గుంపులోనూ తోకలు లోపలికి, తలలు బయటికి. ఆ గుంపును మైసెల్ అంటారు. తిరుపతిలో కలిపినా, టోక్యోలో కలిపినా, ఎవరి చేత్తో కలిపినా లెక్క 60కి అటూ ఇటూగానే ఉంటుంది. ఈ 60 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మీ మనవరాలి పని.

మొదట, అసలు ఎందుకు కూడుకుంటాయో చూద్దాం. తోకలు ఒకదాన్నొకటి లాగుకుని దగ్గరవుతాయని చాలామంది అనుకుంటారు. ఆ లాగుడు కొంత ఉన్న మాట నిజమే గానీ, ముఖ్యమైన పని చేసేది నీరు. నీటి అణువు పక్కనున్న అణువులతో చేతులు కలుపుతూ, వదులుతూ, సెకనుకు లక్ష కోట్ల సార్లు వరకు జతలు మార్చుకుంటూ ఉంటుంది. మధ్యలో నూనె తోక వచ్చి పడితే ఆ వైపు చెయ్యి చాచడానికి వీల్లేదు. తోక చుట్టూ ఉన్న నీటి అణువులు కొన్ని దిక్కులకే తిరిగి నిలబడవలసి వస్తుంది. వాటి స్వేచ్ఛ తగ్గిపోతుంది. తోకలన్నీ ఒక చోట చేరి, తలల వెనుక దాగితే, కట్టుబడి ఉన్న ఆ నీరంతా మళ్లీ విడుదలవుతుంది. అంటే సబ్బు అణువులు కుదురుగా అమరడం వల్ల పోయిన చెల్లాచెదురు కన్నా, విడుదలైన నీటి వల్ల పెరిగిన చెల్లాచెదురు ఎక్కువ. ప్రకృతిలో అమరిక తగ్గాలే గానీ పెరగకూడదు కదా అని మరో ఇద్దరు పాఠకులు అభ్యంతరం తెలిపారు. వారికీ ఇదే జవాబు. ఉండను మాత్రమే చూస్తే అమరిక పెరిగింది. నీటినీ కలిపి చూస్తే మొత్తం మీద తగ్గింది.

ఇక ఉండ లావు. మైసెల్ లోపల ఖాళీ ఉండకూడదు. మధ్యలో ఖాళీ ఉంటే నీరైనా చేరాలి, శూన్యమైనా మిగలాలి, రెండూ కుదరవు. కనుక ఏదో ఒక తోక కొస ఉండ నడిమికి అందాలి. అంటే ఉండ వ్యాసార్థం, పూర్తిగా చాచిన తోక పొడవును మించలేదు. మీ పిడికిలి చేసే పని ఇక్కడ తోక పొడవు చేస్తోంది.

12 కార్బన్ల తోక చాస్తే 1.67 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ వ్యాసార్థంతో గోళం గీస్తే దాని ఘనపరిమాణం 19.5 ఘన నానోమీటర్లు. ఒక్కో తోక ఆక్రమించే చోటు 0.35. భాగించండి, 56 వస్తుంది. ప్రయోగాలలో కొలిస్తే వచ్చేది 60కి దగ్గర. అసలు మైసెల్ అచ్చమైన గోళం కాదు, కాస్త నలిగిన గోళం. అందుకే ఆ కొద్ది తేడా. మొదటిసారి ఈ భాగహారం చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చార్లెస్ టాన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన రెండు చిన్న సూత్రాలతో తోక పొడవు, తోక ఆక్రమించే చోటు కాగితం మీద కట్టవచ్చు. గుడ్డిగా నీళ్లలో తిరిగే అణువుల లెక్క నా పెన్సిల్ కింద తేలింది.

ఇక్కడితో కథ సగమే అయింది. అన్ని అణువులూ ఉండలే కట్టవు. కొన్ని పొడవాటి కడ్డీలు కడతాయి, కొన్ని పలకలు పరుస్తాయి. ఏది ఏమవుతుందో తేల్చే లెక్కను ఇజ్రేలాష్‌విలీ, మిచెల్, నిన్‌హామ్ అనే ముగ్గురు 1976లో ప్రకటించారు. అది మేస్త్రీలకు తెలిసిన లెక్కే. గోడకు మామూలు ఇటుక సరిపోతుంది. గుండ్రని బావి కట్టాలంటే ఒక చివర సన్నగా ఉన్న ఇటుక కావాలి. అన్ని వైపులా వంగిన గుమ్మటానికి అన్ని వైపులా సన్నబడే ఇటుక కావాలి. అణువు ఎలాంటి ఇటుక అన్నది మూడు సంఖ్యలలో ఉంది: తోక ఆక్రమించే చోటు, తోక పొడవు, ఉపరితలం మీద తల కోరుకునే వైశాల్యం. మొదటి దాన్ని మిగిలిన రెంటి లబ్ధంతో భాగిస్తే వచ్చే సంఖ్య మూడింట ఒకటి లోపు ఉంటే ఉండ. మూడింట ఒకటి నుంచి సగం వరకు కడ్డీ. సగం నుంచి ఒకటి వరకు పలక, లేదా పలక మడతపడి మూసుకున్న తిత్తి. ఒకటి దాటితే అంతా తిరగబడి, తలలు లోపలికీ తోకలు బయటికీ వస్తాయి.

ఈ మూడింట ఒకటి, సగం, ఒకటి అన్నవి ఎవరో ఊహించి పెట్టిన హద్దులు కావు. గోళం ఘనపరిమాణం కావాలంటే దాని ఉపరితల వైశాల్యాన్ని వ్యాసార్థంతో హెచ్చవేసి మూడుతో భాగిస్తాం. కడ్డీకైతే రెండుతో భాగిస్తాం. పలకకు భాగించే పనే లేదు. పదో తరగతి క్షేత్రగణితమే ఇంత దూరం తీసుకువచ్చింది.

మన సబ్బు అణువు తల సుమారు 0.6 చదరపు నానోమీటర్ల చోటు అడుగుతుంది. లెక్క కడితే 0.35, అంటే ఉండకూ కడ్డీకీ సరిగ్గా సరిహద్దులో ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో షాంపూ సీసా వెనుక చదవండి, చాలా వాటి మీద సోడియం క్లోరైడ్ అని ఉంటుంది. అది మామూలు ఉప్పు. షాంపూలో ఉప్పెందుకు? తలల మీద ఒకే రకం ఆవేశం ఉంది కనుక అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎక్కువ చోటు అడుగుతాయి. ఉప్పు వేస్తే ఆ తోపులాట తగ్గుతుంది, తలలు దగ్గరగా జరుగుతాయి, సంఖ్య పెరుగుతుంది, ఉండలు పొడవాటి పురుగుల్లా సాగుతాయి. అవి ఒకదానితో ఒకటి చిక్కుపడితే ద్రవం చిక్కబడుతుంది. మీరు పాకం ముదరడాన్ని వేళ్ల మధ్య తీగ లాగి చూసినట్టే, షాంపూ తయారుచేసేవారు ఉప్పు కొద్దికొద్దిగా వేస్తూ చిక్కదనం చూస్తారు. అతిగా వేస్తే మళ్లీ పలచబడుతుంది.

ఇక, ఒకే తలకు రెండు తోకలు తగిలించండి. పొడవు మారదు, ఆక్రమించే చోటు మాత్రం రెట్టింపవుతుంది. సంఖ్య సగం దాటి ఒకటి వైపు నడుస్తుంది. ఆ అణువులు పలకలే పరుస్తాయి, తోకకు తోక ఎదురుగా, రెండు వరుసలుగా. లిపిడ్లు అనే కొవ్వు జాతి పదార్థాలలో ఒక రకమైన ఫాస్ఫోలిపిడ్లు అలాంటి అణువులే. మీ ఒంట్లో, నా ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్నది ఆ జంట పొరే, దాని మందం నాలుగయిదు నానోమీటర్లు. మీ మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తున్నది దీన్నే అయి ఉంటుంది. ఈసారి ఆమెను తెర మీద అది చూపించమని అడగండి. అణువులన్నీ చెదిరి ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టి చూపించమనండి.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ విద్యార్థినిని. లిపిడ్ పొరలు ఎలా ఏర్పడతాయన్నది నా ప్రాజెక్టు. మా గైడ్ ఒక లిపిడ్ అణువును మూడు పూసలుగా తీసుకోమన్నారు: ఒకటి తల, రెండు తోక. నీళ్లు అసలే లేవు. నా స్నేహితురాలు మాత్రం ప్రతి పరమాణువునూ లెక్కలోకి తీసుకుని చేస్తోంది. నాది బొమ్మలాటలా ఉందని క్లాసులో అందరూ అంటున్నారు. ఇది నిజంగా శాస్త్రమేనా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: శాస్త్రమే. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ అనుమానం నన్ను కూడా చాలా ఏళ్లు బాధించింది.

మీ స్నేహితురాలు చేసే పద్ధతికి పునాది వేసినవారిలో ఒకరు మన హైదరాబాదులో పుట్టిన అనీసుర్ రహమాన్. 1964లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఉంటూ, ద్రవ ఆర్గాన్‌లోని 864 పరమాణువులు న్యూటన్ సూత్రాల ప్రకారం ఎలా కదులుతాయో కంప్యూటర్‌తో లెక్కించారు. 1971లో స్టిలింగర్‌తో కలిసి 216 నీటి అణువులతో నీటినే లెక్కించారు. లిపిడ్ పొర మీద పీడనాన్ని అదుపులో ఉంచడానికి ఇవాళ్టికీ వాడే ఒక పద్ధతి పేరు పారినెల్లో–రహమాన్. మీ స్నేహితురాలి ఇన్‌పుట్ ఫైలులో ఆ పేరు ఉండే అవకాశం చాలా ఉంది. తెలుగు నేల మీద ఈ విషయం చదివే పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు ఖర్చు చూడండి. డీపీపీసీ అనే మామూలు లిపిడ్ అణువులో 130 పరమాణువులు. చుట్టూ నీరు అదనం. ఒక్కో అడుగులో కాలం రెండు ఫెమ్టోసెకన్లు ముందుకు జరుగుతుంది. ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షల వంతు (అందులో వంద కోట్ల ఫెమ్టోసెకన్లు ఉంటాయి) చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. కొన్ని వందల లిపిడ్లకు ఇది సాధ్యమే. ఒక తిత్తి మొగ్గ తొడిగి విడిపోవడాన్ని ఇలా చూడాలంటే మీ చదువు కాలం చాలదు.

అందుకే వివరాలు వదులుకుంటూ పోతారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో మారింక్ బృందం 2007లో ప్రకటించిన మార్టిని నమూనాలో, హైడ్రోజన్లు పక్కన పెడితే సుమారు నాలుగు పరమాణువులకు ఒక పూస. డీపీపీసీ 12 పూసలవుతుంది, నాలుగు నీటి అణువులు ఒక పూసవుతాయి. 2005లో కుక్, క్రెమర్, డెసెర్నో ఇంకా ముందుకు వెళ్లి మీ మూడు పూసల నమూనా ఇచ్చారు, నీటిని పూర్తిగా తీసేశారు. వీటన్నిటికన్నా చాలా ముందు, 1973లో హెల్‌ఫ్రిచ్ అణువులనే తీసేశారు. పొరను మందం లేని ఒక వంగే రేకుగా భావించి, వంచడానికి ఎంత శక్తి కావాలన్న లెక్క మాత్రం ఉంచుకున్నారు.

అంత తీసేశాక ఏం మిగిలిందని అడుగుతారేమో. ఈ లెక్క చేసి చూడండి. గుండ్రని పలక ఒకటి నీళ్లలో ఉంది. దాని అంచు చుట్టూ తోకలు నీటికి బయటపడి ఉన్నాయి. అంచు ఉన్నందుకు చెల్లించవలసిన శక్తి, అంచు పొడవుతో పాటు పెరుగుతుంది. పలకను వంచి బంతిలా మూసేస్తే అంచు పోతుంది, కానీ వంచినందుకు శక్తి చెల్లించాలి. ఇందులో అందం ఏమిటంటే, బంతిని వంచడానికి అయ్యే శక్తి బంతి పరిమాణం మీద ఆధారపడదు. చిన్న బంతికైనా పెద్ద బంతికైనా ఒకటే. అంచు ఖర్చు పెరుగుతూ పోతుంది, వంపు ఖర్చు నిలకడగా ఉంటుంది. కనుక ఎక్కడో ఒక చోట మూసుకోవడమే లాభమవుతుంది. వంపు దృఢత్వం (వంచబోతే పొర ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే కొలత) ఉష్ణశక్తికి, అంటే వేడి వల్ల అణువులు ఊగే శక్తికి, సుమారు 20 రెట్లని, అంచు తన్యత (అంచు పొడవు కొద్దీ అయ్యే ఖర్చు) సుమారు 10 పికోన్యూటన్లని వేసుకుంటే, పలక వ్యాసార్థం 33 నానోమీటర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. ఆ పలక మూసుకుంటే సుమారు 33 నానోమీటర్ల వ్యాసం ఉన్న తిత్తి వస్తుంది. అతిధ్వని తరంగాలతో ప్రయోగశాలలో చేసే అతి చిన్న లిపిడ్ తిత్తులు 20, 30 నానోమీటర్లు ఉంటాయి. ఒక్క అణువు కూడా లేని లెక్క ఇంత దగ్గరగా వచ్చింది. ఎర్ర రక్త కణం రెండు వైపులా నొక్కుకుపోయినట్టు ఎందుకుంటుందో కూడా 1970లో కాన్‌హామ్ ఇలాంటి వంపు లెక్కతోనే చెప్పారు.

కాబట్టి ఎన్ని వివరాలు ఉంచారన్నది కాక, మీ ప్రశ్నకు ఏ వివరం అక్కరలేదో తెలిసి తీసేశారా అన్నది చూడాలి. పొర ఎలా కూడుతుంది, ఎలా వంగుతుంది, ఎలా మొగ్గ తొడుగుతుంది అన్నవాటికి మీ మూడు పూసలు చాలు. ఒక మందు అణువు పొరలో ఎంత లోతున ఆగుతుంది, నీరు పొరను ఎంత వేగంగా దాటుతుంది అన్నవాటికి చాలవు. వాటికి మీ స్నేహితురాలి దగ్గరికే వెళ్లాలి.

ఒక్క చోట మాత్రం మీరు జాగ్రత్తగా ఉండాలి. పైన మిఠాయి వ్యాపారి గారికి రాసిన జవాబులో, ముఖ్యమైన పని నీటిదనీ, తోకల మధ్య ఆకర్షణది కాదనీ రాశాను. మీ నమూనాలో నీళ్లు లేవు. తోకపూసల మధ్య ఆకర్షణ పెట్టారు. అంటే నీరు చేసే పనిని తోకల ఖాతాలో రాశారు. ఫలితం సరిగానే వస్తుంది గానీ, ఒక ఉష్ణోగ్రత దగ్గర సరిచేసి పెట్టిన ఖాతా అది. నీటి ప్రభావం ఉష్ణోగ్రతతో మారే తీరు వేరు, మామూలు ఆకర్షణ మారే తీరు వేరు. మీ నమూనాను వేడి చేసి, నిజమైన లిపిడ్ ఇలాగే ప్రవర్తిస్తుందని రాయకండి. అలాగే మీ కాలం కొలత నిజమైన సెకన్లు కాదు. వైవాలో ఎవరు అడిగినా అడగకపోయినా ఈ రెండు మాటలు మీరే ముందుగా చెప్పండి.

ఇంకొకటి, నా అనుభవంలోది. 1980ల చివర నేను గళ్ల నమూనా మీద పని చేశాను. ఘనాన్ని చిన్న చిన్న గళ్లుగా చేసి, ప్రతి గడిలో తలో, తోకో, నీరో పెట్టి, పాచికలు వేసినట్టు వాటిని కదిలించే పద్ధతి. రాత్రి పది దాటాకే కంప్యూటర్ నాకు దొరికేది. ఆరు వారాల తరువాత అద్భుతమైన పలక వచ్చింది. రెండో రోజు భుజం మీద నుంచి చూసిన ఒక సీనియర్, పెట్టె పెద్దది చేసి మళ్లీ చెయ్యమన్నారు. భుజానికి 20 గళ్లున్న పెట్టెను 30 గళ్లకు పెంచితే పలక మాయమై బిందువులు వచ్చాయి. ఇలాంటి లెక్కల్లో పెట్టె ఎడమ అంచు కుడి అంచుతో కలిసి ఉంటుంది. నా చిన్న పెట్టెలో పలక చుట్టూ తిరిగి వచ్చి తన అంచునే తాను పట్టుకుని నిలబడింది, అంతే. మీకు ఎంత అందమైన పొర వచ్చినా సరే, పెట్టె మార్చి ఒకసారి, చెదిరిన వేరే తొలి స్థితి నుంచి ఒకసారి చేసి చూడండి.

ప్రశ్న: చిత్తూరులో మందుల దుకాణం నడుపుతున్నాను. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరూ లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ కోసం తిరిగారు. మామూలు ఆంఫోటెరిసిన్‌కు, దీనికి తేడా ఏమిటి? కొవిడ్ టీకాలో లిపిడ్లు అన్నది కూడా ఇదేనా? (ఒక పాఠకుడు, చిత్తూరు)

జవాబు: మందు ఒకటే, ప్రయాణించే బండి వేరు. ఆంఫోటెరిసిన్ బి ఫంగస్ కణపు పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వులాంటి పదార్థాన్ని పట్టుకుంటుంది. మన కణాలలో దాని బదులు కొలెస్టెరాల్ ఉంటుంది. మందు దాన్ని కూడా కొంత పట్టుకుంటుంది కనుక మామూలు రకంలో మూత్రపిండాలకు దెబ్బ ఎక్కువ. లైపోజోమ్ అంటే ఫాస్ఫోలిపిడ్ల జంట పొర మూసుకుని ఏర్పడిన తిత్తి. బాంగమ్ బృందం ఈ తిత్తులను వర్ణించిన వ్యాసం 1965 నాటిది. మందు అణువును ఆ పొరలోనే ఇమిడ్చి పంపితే దారిలో తక్కువగా జారుతుంది, మూత్రపిండాలకు ముప్పు తగ్గుతుంది. ఇలాంటి మందుల పెట్టె మీద గడ్డకట్టనివ్వవద్దని రాసి ఉంటే దాన్ని తప్పక పాటించండి. మంచు స్ఫటికాలు తిత్తులను చీలుస్తాయి, ఒకదానికొకటి అతికిస్తాయి.

టీకా సంగతి వేరు. మన దేశంలో ఎక్కువమంది వేయించుకున్న కొవిషీల్డ్, కొవాగ్జిన్ లలో లిపిడ్ బండి లేదు. ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ ఎలా తయారు చేయాలో కణానికి చెప్పే అణువు) టీకాలలో ఉన్నది లిపిడ్ నానోకణం. అది ఖాళీ తిత్తి కూడా కాదు, లోపల ఎంఆర్‌ఎన్‌ఏ, లిపిడ్లు కలిసి కూరుకుని ఉంటాయి. అందులో ముఖ్యమైన లిపిడ్ రక్తంలో ఉన్నప్పుడు ఆవేశం లేకుండా ఉంటుంది. కణం దాన్ని మింగి ఆమ్లగుణం ఉన్న గదిలోకి పంపగానే ధనావేశం పొందుతుంది. ఆ గది గోడలోని రుణావేశ లిపిడ్లతో జతకడుతుంది. జతకట్టినప్పుడు రెండు తలలూ కలిసి అడిగే చోటు తగ్గిపోతుంది, తోకల చోటు అలాగే ఉంటుంది. పైన చెప్పిన సంఖ్య ఒకటి దాటుతుంది. ఒకటి దాటితే పలక నిలవదు, తిరగబడుతుంది. అలా గది గోడ తెగి ఎంఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. 1976లో సబ్బు నీళ్ల కోసం కాగితం మీద రాసుకున్న భాగహారం, కోట్ల మంది భుజాలకు వేసిన సూదిలో పని చేసింది. నాకు దీనిని తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రంలో పని చేస్తున్నాను. పాలలో కూడా మైసెల్స్ ఉంటాయని చదివాను. సబ్బులో ఉండేవే పాలలోనూ ఉంటాయా? (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: పేరు ఒకటే, వస్తువు వేరు. పాలలో ఉన్నది కేసీన్ అనే ప్రోటీన్ అణువులు వేల సంఖ్యలో, కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి కట్టిన కణం. దాని వ్యాసం 100 నుంచి 200 నానోమీటర్లు. ఉండగా ఉన్న సబ్బు మైసెల్ నాలుగయిదు నానోమీటర్లకు మించదు. కేసీన్ కణాల మీద నూగులాంటి పొర ఉండి వాటిని దూరంగా ఉంచుతుంది. తోడు వేశాక పులుపు పెరిగి పీహెచ్ 4.6 వైపు దిగేసరికి ఆ నూగు అణిగిపోయి కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పెరుగు తోడుకుంటుంది. లిపిడ్ పొరలు చూడాలంటే వెన్న బొట్టు చుట్టూ చూడండి. అక్కడ ఒకటి కాదు, మూడు వరుసల లిపిడ్లు ఉంటాయి.

ప్రశ్న: మా ఇంట్లో ఇప్పటికీ కుంకుడుకాయలతోనే తల రుద్దుకుంటాం. రసం పలచగా ఉంటే నూనె జిడ్డు అసలు వదలదు. ఇంకో నాలుగు కాయలు వేస్తే ఒక్కసారిగా వదులుతుంది. ఆపైన ఎన్ని వేసినా కళ్లు మండడమే తప్ప పెద్ద తేడా ఉండదు. కొద్దికొద్దిగా ఎందుకు పెరగదు? (ఒక గృహిణి, చంద్రగిరి)

జవాబు: మీరు గమనించినది చాలా లోతైన విషయం. దానికి క్రిటికల్ మైసెల్ గాఢత అని పేరు. నేను దాన్ని కూడుకునే గాఢత అంటాను.

కుంకుడులోని సాపోనిన్ అణువుకు కూడా రెండు ముఖాలు ఉన్నాయి. ఒక వైపు చక్కెర గొలుసులు, నీళ్లంటే ఇష్టం. మరో వైపు నూనెలాంటి వలయాలు. పలచని రసంలో ఈ అణువులు ఒంటరిగా ఉంటాయి, లేదా నీటి పైముఖం మీదికి చేరతాయి. జిడ్డును లోపల దాచుకునే మైసెల్స్ ఇంకా పుట్టవు. అవి ఎందుకు హఠాత్తుగా పుడతాయో చూడండి. 56 అణువులు ఒక చోట కూడాలనుకుందాం. ఒంటరి అణువుల గాఢత పది శాతం పెరిగితే, కూడుకునే అవకాశం 1.1ని 56 సార్లు హెచ్చవేసినంత పెరుగుతుంది. అంటే 200 రెట్లకు పైగా! అందుకే నాలుగు కాయల తేడాతో రసం స్వభావం మారిపోతుంది. సాపోనిన్ కూడే సంఖ్య 56 కాదు, కానీ తర్కం ఇదే. ఆ గాఢత దాటాక కొత్తగా వేసిన అణువులన్నీ మైసెల్స్‌లోకే పోతాయి, ఒంటరి అణువుల సంఖ్య పెద్దగా పెరగదు. మీ తల మీది నూనెకు సరిపడా మైసెల్స్ ఉన్నాక మిగిలినవి కళ్లలోకే.

మన ప్రాంతంలో చాలా ఇళ్లలో బోరు నీళ్లు కఠిన జలం. మామూలు సబ్బు ఆ నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లగా విరిగిపోతుంది. సాపోనిన్ తలకు ఆవేశం లేదు కనుక ఆ బెడద తక్కువ. మన పెద్దవాళ్లు ఆ నీళ్లలో కూడా కుంకుడుతో తల రుద్దగలిగింది అందుకే.

వంటింట్లో ఇలాంటి కొలతలు కుదరవని అనుకోకండి. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే ఆమె విశ్వవిద్యాలయం గడప తొక్కకుండా, ఇంట్లోనే ఒక పళ్లెంలో నీటి తలతన్యతను, అంటే నీటి పైముఖం బిగువును, కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆమె రాసిన ఉత్తరాన్ని భౌతిక శాస్త్రవేత్త రాలే 1891లో నేచర్ పత్రికలో అచ్చు వేయించారు. నీటి మీద నూనె పొరను అంచుల నుంచి నెట్టి కొలిచే ఆ పద్ధతి సంతతే తరువాతి కాలపు పరికరాలు. 1925లో గోర్టర్, గ్రెండెల్ రక్త కణాల లిపిడ్లను అలాగే నీటి మీద పరచి, వాటి వైశాల్యం కణాల వైశాల్యానికి రెట్టింపు ఉందని చూసి, కణపు పొర రెండు వరుసలదని తేల్చారు.

మీరు ఇంట్లో ఇలా చేయండి. నాలుగు కాయలు గింజ తీసి గ్లాసెడు వేడినీళ్లలో నానబెట్టి, బాగా పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. అయిదు గ్లాసులు తీసుకుని, మొదటి దాంట్లో ఉత్త నీళ్లు, తరువాతి వాటిలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది చెంచాల రసం వేసి, అన్నిటినీ నీళ్లతో ఒకే మట్టానికి తీసుకురండి. చల్లారాక ఇంకు ఫిల్లరులో ఒకే గీత వరకు పీల్చి, నిటారుగా పట్టుకుని, నెమ్మదిగా చుక్కలు లెక్కపెట్టండి. తలతన్యత తగ్గిన కొద్దీ చుక్క చిన్నదవుతుంది, చుక్కల సంఖ్య పెరుగుతుంది. గళ్ల కాగితం మీద అడ్డంగా చెంచాలు, నిలువుగా చుక్కలు గుర్తు పెట్టండి. గీత పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒక చోట వంగి చదునవుతుంది. ఆ వంపు ఉన్న చోటే కూడుకునే గాఢత. ప్రతి గ్లాసుకూ మూడు సార్లు లెక్కపెట్టి సగటు వేయండి, గీత మధ్యలో ఖాళీ ఎక్కువగా ఉంటే ఆ చోట మరో రెండు గ్లాసులు కలపండి. మా విద్యార్థులు ఖరీదైన పరికరం లేనప్పుడు ఇలాగే చేసేవారు.

ఫలితం వస్తే నాకు రాయండి. ఎన్ని కాయలు, కొత్తవా పాతవా, కుళాయి నీళ్లా బోరు నీళ్లా అన్నది కూడా రాయండి.